గెలిస్తే పోయేది

నిన్న మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు, సుచిత్ర ప్రాంతంలోని మా ఫ్లాటు వంటింట్లో కొత్త చింతపండు ముందేసుకుని గింజలు తీయడానికి కూర్చున్నాను. మొదటి గింజ స్టీలు పళ్లెంలో పడి, గిర్రున తిరిగి, అంచుకు కొట్టుకుని ఆగింది. దాంతోపాటు నా చెయ్యీ ఆగింది. ఇరవై ఏళ్ల పాటు మంగళవారాల్లో సరిగ్గా ఆ వేళకు నేను విన్న చప్పుడు అదే. కౌకూర్‌లో మార్తక్క వరండాలో, రేకు బల్ల మీద, మార్తక్క డబ్బా బోర్లించి గింజలు పంచే చప్పుడు. మిగతా చింతపండు సాయంత్రానికి గాని పూర్తి కాలేదు. రాత్రి భోజనం అయ్యాక పాత డైరీలు దించి, తారీకులు సరిచూసుకుని, ఇవాళ ఇది రాస్తున్నాను.

అసలు మొదలైంది 1991 జూన్ 17, సోమవారం, ఉదయం ఎనిమిది గంటల ఏడు నిమిషాలకు. మావారికి బదిలీ అయి తెనాలి నుంచి వచ్చి అప్పటికి నాలుగు నెలలు. మేడ్చల్‌లో మందుబిళ్లలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో, టైమ్ ఆఫీసులో నాకు గుమాస్తా ఉద్యోగం దొరికింది. టైమ్ ఆఫీసంటే గేటు పక్కన కిటికీ ఉన్న చిన్న గది. ఎవరు ఎన్నింటికి లోపలికి వచ్చారో, ఎన్నింటికి బయటికి వెళ్లారో రిజిస్టరులో రాయడం మా పని. ఎనిమిదీ అయిదు దాకా ఊరుకుంటారు. అది దాటితే పేరు పక్కన ఎర్ర సిరాతో లేట్ మార్కు. నెలలో మూడు మార్కులు పడితే సగం రోజు జీతం పోతుంది. ఆ గదికి పెద్ద మార్త మేడమ్. నలభై అయిదేళ్ల సన్నటి మనిషి, గంజి పెట్టిన చీర, చెవి వెనక పెన్సిలు. నన్ను చూసి, గోడ గడియారం చూసి, పేరు అడిగి రాసుకుని, పక్కనే ఎర్ర సిరాతో మార్కు పెట్టారు.

"ఇవాళే చేరుతున్నానండీ, మొదటి రోజు. బస్సు..." అన్నాను.

"గడియారానికి నీ మొదటి రోజు, ఆఖరి రోజు ఎరకుంటదా? కూసో. చాయ్ తాగినవా?"

మార్కు పెట్టిన చేత్తోనే ఫ్లాస్కు మూత విప్పి నాకు చాయ్ పోశారు. ఆ చాయ్ తాగుతూ, ఈవిడతో నేను నెల కూడా నెగ్గుకురాలేను అనుకున్నాను.

రెండో ఏడు శ్రావణమాసంలో నేనొక తప్పు చేశాను. ప్యాకింగులో పనిచేసే రాములమ్మ ఎనిమిదీ పదకొండుకు పరుగెత్తుకుంటూ వచ్చింది. పిల్లాడికి మూడు రోజులుగా జ్వరం. అప్పటికే రెండు మార్కులున్నాయి. మేడమ్ అప్పుడు గదిలో లేరు. నేను ఎనిమిదీ నాలుగు అని రాశాను. మేడమ్‌కు ఒక పద్ధతి ఉండేది. సాయంత్రం రిజిస్టరులో ఆఖరి పేరు కింద స్కేలు పెట్టి గీత గీసి, గీత కింద సంతకం చేసేవారు. గీత పడ్డాక ఆ రోజులో ఇంకెవరూ ఒక్క అక్షరం చేర్చడానికి ఉండదు. ఆ సాయంత్రం స్కేలు పట్టుకుని గీయకుండా ఆగిపోయారు. వేలు తెచ్చి నా నాలుగు అంకె మీద పెట్టారు.

"గీ నాలుగు గట్టిగ ఒత్తి రాసినవ్. నిజం రాసేటోళ్లు ఒత్తరు."

"పిల్లాడికి జ్వరం మేడమ్. మూడో మార్కు. పాపమని..."

"పాపమే. కాదని ఎవరన్నరు? గాని నువ్వేం జేసినవో చూడు. ఎనిమిదీ నాలుగుకే వచ్చిందని రాస్తివి. ఇగ ఆమె నా తానకు వచ్చి, మేడమ్, నా పోరనికి జరమొచ్చింది, జర మాఫ్ చెయ్యిండ్రి అని ఎట్ల అడుగుతది? అబద్ధం రాసి ఆమె నోరు మూసినవ్."

నాలుగు కొట్టేసి పదకొండు రాశారు. ఎర్ర మార్కు పెట్టారు. ఆ వరుసలోనే ఆఖరున రిమార్కుల గడిలో, తన గుండ్రటి అక్షరాలతో, 'బిడ్డకు జ్వరం. అనుమతి ఇవ్వబడింది' అని రాసి సంతకం చేశారు. రాములమ్మ జీతం పోలేదు. "ముందుగాల నిజం రాయి," అన్నారు రిజిస్టరు మూస్తూ. "దయ ఉంటే దాని పక్కపొంటి రాయి. గందుకే గా గడి పెట్టిన్రు." అప్పటికి నాకు ముప్పై ఎనిమిదేళ్లు. నన్ను తిట్టకుండా తప్పు చూపించిన మొదటి మనిషి ఆవిడ.

2004లో ఆవిడ రిటైరయ్యారు. చివరి రోజు గీత గీసి సంతకం చేసి, స్కేలు నా చేతికిచ్చి, "ఇగ మేడమ్ అనకు. మంగళారం మా ఇంటికి రా, పేకాడుదం" అన్నారు. మా ఫ్యాక్టరీకి వారపు సెలవు మంగళవారం. ఒక్క ఆదివారం కూడా చర్చి తప్పని మనిషి నోట పేకాట మాట విని నేను తెల్లబోయాను. ఇక్కడినుంచి నేనూ ఆమెను అక్క అనే రాస్తాను.

మార్తక్క తండ్రి బొల్లారం కంటోన్మెంటులో ఆఫీసర్ల మెస్సులో బట్లరు. వాళ్లకు వడ్డిస్తూ, వాళ్లాడే పోకర్ చూసి నేర్చుకుని, ఇంట్లో పిల్లలకు అగ్గిపుల్లలతో నేర్పాడట. తరువాతెప్పుడో ఓడ మీద పనిచేసే మేనల్లుడొకడు సెలవులకు వచ్చి ఇప్పటి పద్ధతి చూపించాడు. మేం ఆడింది అదే. చేతిలో ఎవరికీ కనపడకుండా రెండు ముక్కలు. బల్ల మీద అందరికీ కనపడేలా ముందు మూడు, తరువాత ఒకటి, ఆఖరికి ఇంకొకటి. ఆ ఏడింటిలోంచి ఎవరికి మంచి అయిదు కుదిరితే వాళ్లది ఆట. ముక్క పడ్డప్పుడల్లా పందెం పెంచవచ్చు. ఎదుటివాళ్ల పందేనికి సమానంగా పెట్టి ముక్కలు చూపించమంటే కాల్. వద్దనుకుని పడేస్తే ప్యాక్. ఆ వరండాలోకి డబ్బు ఎన్నడూ రాలేదు. మనిషికి రెండు వందల చింతగింజలు, అయిదింటికి అన్నీ తిరిగి డబ్బాలోకి.

మూడో మనిషి యాదగిరి. మా ఫ్యాక్టరీ బస్సు డ్రైవరు. ఇల్లు అలియాబాద్. రిటైరయ్యాక సొంత ఆటో నడిపేవాడు. మా ఇద్దరికంటే చిన్నవాడు, మా ఇద్దరికంటే పెద్ద నోరు. ఆఖరి ముక్కను రివర్ అంటారని మార్తక్క చెబితే, "రివర్ అంటే నది గదా మేడమ్? మన దిక్కు నది యాడిది? శామీర్‌పేట చెరువే ఉన్నది. చెరువు అందం తియ్యిండ్రి" అన్నాడు. అప్పటినుంచి మా బల్ల మీద ఆఖరి ముక్క పేరు చెరువు. పోలీసులొస్తే ఎట్లా అని అతను భయం నటించేవాడు. "గింజలు ఏంచి పెడుదం. నములుకుంట పోతరు" అనేది మార్తక్క.

ఆ బల్లకు ఒక ఆచారం ఉండేది. చెరువు పడ్డాక ఎవరైనా పెద్ద పందెం పెడితే, కాల్ చేసేవాళ్లు ముందుగా తమకేం పోతుందో పైకి చెప్పాలి. చెప్పకుండా కాల్ అంటే చెల్లదు. మెస్సులో కుర్ర ఆఫీసర్లు ఆవేశంగా కాల్ చేసి, ఓడాక పాలిపోయి కూర్చుంటే, పక్కన ట్రే పట్టుకుని నిలబడలేకపోయేవాడట ఆ తండ్రి. అందుకని ఇంట్లో పిల్లలకు ఈ నియమం పెట్టాడు. "వచ్చేది అందరికి కనపడుతది హైమా, నడుమల కుప్పోసి ఉంటది," అనేది మార్తక్క. "పోయేది నీ తాననే ఉంటది గద, గందుకే కనపడది. నోటితోని చెప్తెనే కనపడుతది."

నేను లెక్కల మనిషిని. ఏ ముక్కకు ఎంత అవకాశమో నోటుబుక్కులో వేసుకునేదాన్ని. అది చూసి మార్తక్క నవ్వేది. "ముక్కల లెక్క మంచిదే. గాని పందెం పెట్టింది ముక్క గాదు, మనిషి." మనిషిని చూడటం నాకు ఆలస్యంగా వచ్చింది. ఉత్తుత్తి పందెం పెట్టినప్పుడు మార్తక్క తన గింజల్ని పదేసి చొప్పున వరుసలు పేరుస్తుంది. నిజంగా ముక్కలున్నప్పుడు కుడి బొటనవేలి గోరు ముక్కల అంచున ఆనించి కదలకుండా కూర్చుంటుంది. ఇది కనిపెట్టడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. గొప్పగా చెబితే, "నాలుగేండ్లా! గేటు కాడ ఎవరు దొంగతనంగ పోతాన్రో నాలుగు దినాల్ల పట్టేటిదానివి" అన్నది. అలవాటు మాత్రం మార్చుకోలేదు. నా కోసమే మార్చుకోలేదని ఇప్పుడనిపిస్తుంది.

2019 జూలై 6, శనివారం. మార్తక్క అక్క రూతమ్మ శామీర్‌పేటలో కూతురి ఇంట్లో పోయింది. సమాధి చేసి వస్తూ యాదగిరి చెరువు కట్ట దగ్గర ఆటో ఆపి, మక్కకంకులు తేవడానికి వెళ్లాడు. గాలి గట్టిగా వీస్తోంది. మార్తక్క కొంగు తల మీదికి లాక్కుని నీళ్లవైపు చూస్తూ మాట్లాడింది.

"రూతక్కకు మూడేండ్ల సంది మతి పోవుడు సురువైంది. మేమందరం ఏం జేసినం? ఏం గాలే, మంచిగనే ఉన్నవ్ అన్నం. నవ్వి దాటేసినం. ఒకనాడు నా చెయ్యి పట్టుకొని అడిగింది. మార్తా, నాకేమో అయితాంది, అందరు నవ్వుతాన్రు, ఎవ్వరు చెప్తలేరు, అన్నది. ఎంత భయపడ్డదో దాని చేతుల తెలిసింది. నేను గూడ నవ్విన హైమా."

ఆమె నీళ్ల మీదినుంచి చూపు తిప్పి నన్ను చూసింది.

"నాకు అట్ల చెయ్యొద్దు. నాకు గిట్ల సురువైతే ముందుగాల నాకే చెప్పాలె. మా ప్రమీలకు గాదు, డాక్టరుకు గాదు. నాకు. తెలుసుకునే తెలివి నాకు ఉన్నప్పుడే చెప్పాలె. నువ్వు చెప్పాలె."

"సరే అక్కా."

"సరే గాదు. రాసుకో."

సంచిలోంచి డైరీ తీసి రాసుకున్నాను. కంకులతో తిరిగి వచ్చిన యాదగిరి ఆఖరి మాట విన్నట్టున్నాడు. "నాకు గా ఫికర్ లేదు మేడమ్. మతి ఉంటే గదా పోనీకి" అన్నాడు. మార్తక్క అంత దుఃఖంలోనూ నవ్వింది. ప్రమీల ఆమె ఒక్కతే కూతురు, మేడ్చల్‌లో ఉంటుంది. ఆ పిల్లకు చెప్పకుండా తల్లికి ముందు చెప్పడమంటే ఏమిటో అప్పుడు నేను ఆలోచించలేదు. ఆలోచించవలసిన రోజు వస్తుందని అనుకోలేదు.

2024 జనవరి 9న మార్తక్క ముక్కలు బల్ల మీద పరిచి, "కలర్" అన్నది. అయిదు ముక్కలూ ఒకే గుర్తు అయితే కలర్. ఆమె పరిచినవాటిలో నాలుగు ఆఠీనులు, ఒకటి డైమను. రెండూ ఎరుపే. యాదగిరి పగలబడి నవ్వి, "కండ్లద్దాలు మార్సుండ్రి మేడమ్" అన్నాడు. ఆమె కూడా నవ్వింది. ఆ వారమే ప్రమీల కళ్లు చూపించింది. చూపు బాగానే ఉందన్నారు. ఆ మాట ఫోనులో విని నేను డైరీలో మొదటి వరుస రాశాను. వారం వారం ఇంకో వరుస, ఒక్కోసారి రెండు. చెప్పాలనే ప్రతి మంగళవారం బయలుదేరేదాన్ని. బొల్లారంలో బస్సు దిగి ఆటో ఎక్కేసరికి, వచ్చే వారం చూద్దాం అనుకునేదాన్ని. ఆమె గేటు దగ్గర నిలబడి, నా వైపు చూసి, మణికట్టుకు లేని గడియారం చూసుకున్నట్టు చేసి నవ్వేది. ఆ నవ్వు ముందు నోరు వచ్చేది కాదు.

ఫిబ్రవరి 13, మంగళవారం, నాలుగూ ఇరవై. బల్ల మీద మొదటి మూడు: ఆఠీను ఏడు, ఇస్పేటు ఎనిమిది, ఆఠీను జాకీ. నాలుగోది కళావరు పది. నా చేతిలో ఇస్పేటు రాణి, డైమను తొమ్మిది. ఎనిమిది నుంచి రాణి దాకా వరుసగా అయిదు, చక్కటి సీక్వెన్సు. యాదగిరి ముక్కలు పడేసి, "గీ చెరువుల నేను మునగ. మీరిద్దరు మునుగుండ్రి" అని కాళ్లు చాపుకున్నాడు. మధ్యలో కుప్ప ఎనభై నాలుగు గింజలు. చెరువు పడింది: ఆఠీను రెండు. మార్తక్క తన ముందున్న గింజలన్నీ రెండు చేతులతో నెట్టింది. నూట ముప్పై ఆరు. నా దగ్గర నూట యాభై ఉన్నాయి. కాల్ చేసి ఓడితే మిగిలేవి పద్నాలుగు.

లెక్క వేశాను. నన్ను ఓడించేది ఒక్క కలరే. దానికి ఆమె చేతిలో రెండూ ఆఠీనులే ఉండాలి. నాకు కనపడని ముక్కలు నలభై అయిదు, వాటితో కుదిరే జతలు తొమ్మిది వందల తొంభై. అందులో రెండూ ఆఠీనులైన జతలు నలభై అయిదు. ఇరవై రెండింట ఒకటి. ముక్కల లెక్క ప్రకారం కళ్లు మూసుకుని కాల్ చేయవచ్చు. తలెత్తి మార్తక్క వైపు చూశాను. గింజలు వరుసలు పేర్చడం లేదు. బొటనవేలి గోరు ముక్కల అంచున ఆని ఉంది, కదలడం లేదు. మనిషి లెక్క ప్రకారం ఇది కలర్, ప్యాక్ చేయాలి. కాని జనవరి తొమ్మిదిన కూడా ఆ గోరు అక్కడే ఉంది. ముప్పయ్యో తేదీన మళ్లీ డైమనును ఆఠీను అనుకున్నప్పుడు కూడా. ఆ వేలు అబద్ధం చెప్పదు. తన దగ్గర కలర్ ఉందని ఆమె నమ్ముతోంది, అంతే. నిజంగా ఉందో లేదో ఆమె వేలికి తెలియదు.

నిజమైన కలర్ అయితే నాకు పోయేవి గింజలే, అయిదింటికి డబ్బాలోకి వెళ్లేవి. కాకపోతే నేను గెలుస్తాను. గెలిస్తే ముక్కలు బల్ల మీద పడతాయి, యాదగిరి చూస్తాడు, ఆమె చూస్తుంది. ప్యాక్ అంటే చాలు, ఎవరూ ఏమీ చూడరు. ఆమె ఎనభై నాలుగు గింజలు దగ్గరికి లాక్కుని, ముక్కలు కలిపేసి, నన్ను ఆటపట్టిస్తుంది. వచ్చే మంగళవారం మళ్లీ గేటు దగ్గర నిలబడుతుంది. ఒక్క మాట. రెండు అక్షరాలు.

"ఏంది హైమమ్మా, కంపెనీ సైరన్ మోగాల్నా?" అన్నాడు యాదగిరి.

"నువ్వాగు. లెక్క జెయ్యనియ్. లెక్క జెయ్యకుంటే ఆమెకు చాయ్ అరగది," అన్నది మార్తక్క. ముఖం వెలిగిపోతోంది. గెలవబోతున్నానన్న సంతోషాన్ని ఈమధ్య ఆమె దాచుకోలేకపోతోంది.

ప్యాక్ అనడానికి నోరు తెరిచాను. ముక్కలు పడేయబోతూ నా చేతివైపు చూసుకున్నాను. రాణి, తొమ్మిది రెండూ మధ్యలో వంగిపోయి ఉన్నాయి. అంత గట్టిగా ఒత్తి పట్టుకున్నాను. నిజం రాసేటోళ్లు ఒత్తరు అన్న మాట, ఆ గది, ఆ ఎర్ర సిరా, అన్నీ ఒక్కసారే వచ్చాయి.

"కాల్," అన్నాను.

"పోయేది చెప్పు."

"నూట ముప్పై ఆరు గింజలు."

"చూపియ్ మరి."

నేను ముక్కలు తిప్పలేదు. "అవి ఓడితే పోయేవి అక్కా. గెలిస్తే పోయేది వేరే ఉంది."

"గెలిస్తే పోయేదా? గెలిస్తే ఏం పోతది?"

"మన మంగళవారాలు."

యాదగిరి చాపిన కాళ్లు ముడుచుకున్నాడు. మార్తక్క నా వైపు చూసింది. ఎనిమిదీ నాలుగు మీద వేలు పెట్టిన రోజు ఎలా చూసిందో అలాగే. తరువాత తన ముక్కలు తనే తిప్పింది. ఆఠీను ఆసు, డైమను ఆరు. డైమను ఆరును తీసుకెళ్లి బల్ల మీది ఆఠీను ఏడు పక్కన పెట్టింది. దాన్నీ దీన్నీ చాలాసేపు చూసింది. ఏడు మీద గుర్తును వేలితో తడిమింది, ఆరు మీద గుర్తును తడిమింది.

"ఇది ఆఠీను గాదు."

"కాదక్కా. డైమను."

"మొన్న గూడ గిట్లనే అయింది గదా? యాదగిరి నవ్విండు."

"అది జనవరి తొమ్మిది. ముప్పైన ఇంకోసారి."

"మొన్న గాదా?"

"కాదక్కా."

వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయడానికి తంటాలు పడుతున్నారు. మార్తక్క కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. గొంతు మారింది. టైమ్ ఆఫీసు గొంతు.

"ఎన్ని?"

"దీంతో తొమ్మిది. రాసి పెట్టాను."

"చదువు."

డైరీ తీసి చదివాను. జనవరి తొమ్మిది, డైమనును ఆఠీను అనుకోవడం. పదహారు, రూతక్క ఫోను చేస్తానన్నది అని చెప్పడం. ఇరవై మూడు, నన్ను రాములమ్మా అని పిలవడం, ఎందుకు లేటైందని అడగడం. ఫిబ్రవరి ఆరు, యాదగిరి చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లినప్పుడు, ఆయన ఎవరు అని నన్ను అడగడం. యాదగిరి తల వంచుకుని కింద పడ్డ గింజలు ఏరుతున్నాడు. కింద ఒక్క గింజ కూడా లేదు. మార్తక్క మాత్రం రోజువారీ హాజరు వింటున్నట్టు విన్నది. ఒకటి రెండుచోట్ల తల ఊపింది. చదవడం అయ్యాక డైరీ తన ముందుకు లాక్కుంది.

"మొదటిది ఏ తారీకు అన్నవ్?"

"జనవరి తొమ్మిది."

"ఇయ్యాల?"

"ఫిబ్రవరి పదమూడు."

"చెప్తనని రాసుకున్నవ్. ఐదు వారాలు లేట్." కలం అడిగి తీసుకుంది. ఎర్ర సిరా లేదు, నీలమే. నా వరుసల కింద నా పేరు రాసి, పక్కన లేట్ మార్కు పెట్టింది. అక్షరం ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చింది. కలం ఎత్తి, ఆలోచించి, ఆ వరుసలోనే చివరికంటా జరిగి ఇంకొంచెం రాసింది. తరువాత స్కేలు లేక, పేక ముక్క అంచు ఆనించి గీత గీసి, గీత కింద సంతకం చేసి డైరీ నాకు తోసింది.

'మనసు ఒప్పలేదు. అనుమతి ఇవ్వబడింది' అని ఉంది.

నేను కళ్లు తుడుచుకోవడం చూసి, "ఏడుస్తె గింజలు నానుతయ్" అన్నది. "మంగళారం యాడికి పోతది? నేను పోయినా మంగళారం వస్తది. పంచు యాదగిరీ." యాదగిరి ముక్కలు పంచాడు. మనిషికి మూడేసి పడ్డాయి. వాటితోనే ఆడాం.

ఆ రాత్రి ప్రమీలకు తనే ఫోను చేసింది. డాక్టరు దగ్గరికి నా డైరీ పట్టుకుని వెళ్లింది. చర్చి బీరువా తాళాలు ఇరవై ఏళ్లుగా ఆమె దగ్గరుండేవి. ఎవరూ అడగకముందే తీసుకెళ్లి ఇచ్చేసింది. ఫొటోల వెనక పేర్లు రాసింది. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, "నేను తప్పు మాట్లాడితే నవ్వి దాటెయ్యకుండ్రి, చెప్పుండ్రి" అని మాట తీసుకుంది. మంగళవారాలు ఆగలేదు. యాదగిరి డైమనులన్నిటికీ ఆకుపచ్చ స్కెచ్చు పెన్నుతో చుక్క పెట్టాడు. వేసవి నుంచి ముక్కలు పరిచే ఆడాం, దాచడానికేమీ లేకుండా. పోయేది మంగళవారాలు అని నేను చెప్పిన లెక్క తప్పింది. ఇంకా ముప్పై రెండు దొరికాయి. సెప్టెంబరు 24న ఆమె ఒక గింజ చేతిలోకి తీసుకుని, "గివి ఎందుకు తెచ్చిన్రు?" అని అడిగింది. ఆ రోజు డబ్బా మూశాను.

తరువాత ఆమె మేడ్చల్‌లో ప్రమీల ఇంట్లో ఉంది. నేను వెళ్లేదాన్ని. నా పేరు లేదు ఆమె దగ్గర. అయినా చెయ్యి పట్టుకునేది. ఒకరోజు ఉన్నట్టుండి ఆ చెయ్యి బిగిసింది. "నాకేమో అయింది గదా? ఎవ్వరు చెప్తలేరు," అన్నది. చెరువు కట్ట మీద విన్న మాటే, రూతమ్మ మాట.

"అయిందక్కా," అన్నాను. "మతిమరుపు. మీకు తెలుసు. మీకు చెప్పాం, మీరు విన్నారు. విని, కింద గీత గీసి సంతకం చేశారు."

"నేను సంతకం జేసిన్నా?"

డైరీ ఎప్పుడూ సంచిలోనే ఉంటుంది. తీసి చూపించాను. తన సంతకం మీద వేలు పెట్టి నెమ్మదిగా పోల్చుకుంది. చెయ్యి వదులైంది.

"నాదే. అయితే సరే," అన్నది.

2025 నవంబరు 20, గురువారం, ఉదయం తొమ్మిదింటికి పోయింది. యాదగిరి ఇప్పటికీ మంగళవారం మూడింటికి ఫోను చేస్తాడు. ఇద్దరితో ఆట రక్తి కట్టదని అతనికీ తెలుసు. చేసి, "చెరువు నిండింది హైమమ్మా" అనో, "ఎండింది" అనో చెప్పి పెట్టేస్తాడు. ఎవరికైనా కష్టమైన మాట చెప్పవలసి వస్తే నేను ముందు నా వేళ్లు చూసుకుంటున్నాను, ఒత్తుతున్నాయేమోనని. చెప్పాక, దాని పక్కన రాయడానికి నా దగ్గర ఏం దయ ఉందో వెతుక్కుంటున్నాను. నిన్నటి గింజలు రెండు వందల పద్నాలుగు. పారేయలేదు.

పోయిన వాటి లెక్క ఇది. ఆ ఆటలో మార్తక్కవి, గింజలు: నూట ముప్పై ఆరు, అయిదింటికి తిరిగి డబ్బాలో చేరినవి. నా ఆలస్యం: అయిదు వారాలు, తిరిగి రానివి. ఆమె ఉండగా ఆడలేకపోయిన మంగళవారాలు: అరవై. మనిషి: ఒకరు.